కల్ అంటే ఎప్పుడు

ఈ ఉదయం దుకాణం షట్టరు ఎత్తి, బల్ల తుడిచి, గ్లోబు మీద దారం సాగదీశాను. వేళ్లకు తేనెమైనం వాసన అంటుకుంది. నిన్న సాయంత్రం వర్ని నుంచి ఒకామె ఫోను చేసి, మడగాస్కర్ దీవిలో ఒక చిన్న విమానాశ్రయం పేరు చెప్పి, అక్కడి నుంచి మాకు దగ్గరి విమానాశ్రయమున్న నాందేడ్‌కు ఎంత దూరమో, విమానం ఎంతసేపు పడుతుందో అడిగింది. పొద్దున చూసి చెబుతానన్నాను. ఫోనులో వెతికితే దూరం క్షణంలో వచ్చేస్తుంది, నాకూ తెలుసు. అయినా ముందు దారంతో కొలుస్తాను, తర్వాత కాగితం మీద లెక్క వేస్తాను, ఆ రెండూ దగ్గరగా వస్తేనే ఫోను చూస్తాను. దారానికి మైనం రాయడం నాకు నేర్పింది హలీమా ఆపా; ఆపా అంటే ఉర్దూలో అక్క. మైనం రాసిన దారం జారదు, నిలబెట్టిన చోట నిలుస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, ఆమె పక్కన కూర్చుని ముక్కు చివరకు జారిన కళ్లద్దాల మీదుగా నన్నే చూస్తున్నట్టు ఉంటుంది.

నేను ఆపా దగ్గర పనికి చేరినప్పుడు నాకు ముప్పై దాటాయి. ఇంటర్‌లో లెక్కలు తప్పి చదువు మానేసినదాన్ని. తప్పింది పరీక్షే గానీ లెక్కల మీద ఇష్టం పోలేదు. పాత పుస్తకాల బండి మీద దొరికిన త్రికోణమితి పుస్తకం ఒకటి కొనుక్కుని, అర్థం కాని చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఏడాది తర్వాత ఆ గీతలు ఒక్కొక్కటీ చెరుపుకుంటూ వచ్చాను. ఆపా దుకాణం నిజామాబాద్ బస్టాండు దగ్గర, మెట్లెక్కి వెళితే ఒక్కటే గది. అంతకుముందు అది కుట్టు దుకాణం. ఆమె పుట్టిల్లు బోధన్, అత్తిల్లు నాందేడ్. భర్త పోయాక నిజామాబాద్ వచ్చి బురఖాలు కుట్టడం మొదలుపెట్టింది. కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది భర్తలు దేశం దాటి ఉండేవాళ్లు. కొలతలు ఇస్తూనే, ఆయన ఎప్పుడొస్తాడో కనుక్కుని పెట్టమనేవాళ్లు. కనుక్కుని, కనుక్కుని, చివరికి టికెట్లు తీసే పనిలోకే దిగింది. కుట్టు మిషన్ మాత్రం తీసేయలేదు. దాని మీద చెక్క పరిచి కంప్యూటర్ పెట్టింది. మాట్లాడుతున్నంతసేపూ కింద ఆమె కాళ్లు పెడల్ తొక్కుతూనే ఉండేవి.

మొదటి వారంలోనే నా నోరు కట్టేసింది. ఎవరో రైతు తన తమ్ముడు దోహా నుంచి ఎంతసేపట్లో వస్తాడని అడిగితే, నేను విమానం గంటలు, దిగాక ఆగే గంటలు, బస్సు గంటలు అన్నీ కూడి ఒక అంకె చెప్పాను. ఆ మనిషి ఆ అంకె పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు. ఆపా నా వైపు చూడకుండానే ఆయనను అడిగింది, "భయ్యా, మీ పొలంకి కాలువ నీళ్ల వంతు ఎన్నడు?" ఆయన బేస్తవారం అన్నాడు. "మరింకేంది, మీ తమ్ముడు వంతుకు ముందు దినమే ఇంట్ల ఉంటడు. పార వాని చేతికియ్యి, నువ్వు పండుకో." ఆయన నవ్వుకుంటూ మెట్లు దిగాడు. అప్పుడు నా వైపు తిరిగి, "ఏందమ్మా సుగుణ, అన్ని గంటలు వాని నెత్తి మీద గుమ్మరిస్తివి. వాడు అడిగింది ఇంటికెప్పుడని" అంది. ఆమె లెక్క ఎప్పుడూ అలాగే ఉండేది. ముస్లిం ఇళ్లవాళ్లకు పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక అని, చర్చికి పోయేవాళ్లకు ఆదివారం ఆరాధన విడిచే వేళకు అని, చెరకు రైతులకు బండ్లు తిరిగొచ్చే వేళకు అని చెప్పేది. నాకది మొదట్లో నిర్లక్ష్యంగా తోచేది. పక్కన కూర్చుని నా అంకెలు నేను వేసుకుని, ఆమె చెప్పిన వేళతో పోల్చి చూసేదాన్ని. ఆమె వేళ ఎప్పుడూ నా అంకె కన్నా కాస్త వెనక్కి ఉండేది. ఎందుకని అడిగితే, "తొందరగ వస్తె ఎవరూ ఏడ్వరు" అనేది.

దారం సంగతి ముప్కాల్ ఊరి ఆయనతో మొదలైంది. కెనడాలో లారీ నడిపే ఆయన సెలవు మీద వచ్చి, నేరుగా మా మెట్లెక్కి తగువు పెట్టుకున్నాడు. విమానంలో సీటు ముందున్న తెర మీద చూశాడట, విమానం తిన్నగా రాకుండా పైకెక్కి మంచు దేశాల మీదుగా చుట్టూ తిరిగి వచ్చిందట. "నన్ను సుట్టు తిప్పి తీస్కొచ్చిండ్రు ఆపా. సీదా తొవ్వ ఉండంగ గీ మలుపులేంది?" అని ఆయన గొడవ. నేను గోడ మీది పటానికి స్కేలు పెట్టి చూశాను. స్కేలు ప్రకారం ఆయన చెప్పిందే నిజమనిపించింది. ఆపా నా చేతిలోంచి స్కేలు లాక్కుంది. "బట్టను బల్ల మీద పరిచి కొలిస్తె ఒకటి, మనిషి మీద కొలిస్తె ఒకటి. కొలిచేది ఎవరికి, బల్లకా మనిషికా?" అంటూ మూలనున్న మంచినీళ్ల కుండ ముందుకు జరిపింది. కుండ భుజం మీద, ఒకే ఎత్తులో, ఈ పక్కొకటి ఆ పక్కొకటి సుద్దతో చుక్కలు పెట్టి, మైనం రాసిన దారం రెండింటి మధ్యా బిగించి లాగింది. దారం చుక్కల ఎత్తులోనే నిలవకుండా కుండ మెడ వైపు పైకి పాకింది. ముప్కాల్ ఆయన తన వేలితో దాన్ని కిందికి లాగబోయాడు. దారం చాలక బిగుసుకుపోయింది. "చూస్తివా, కిందికెల్లి పోతె దారం ఎక్కువ పడ్తది. నిన్నెవరు తిప్పలే. భూమే బొర్రతోని ఉన్నది, నీ లెక్క." ఆయన తన పొట్ట తడుముకుని గట్టిగా నవ్వాడు. మరుసటి ఆదివారమే నేను ప్లాస్టిక్ గ్లోబు కొని తెచ్చాను. నా త్రికోణమితి పుస్తకంలో చివరి అధ్యాయం, అప్పటిదాకా ఏ పనికొస్తుందో తెలియని గోళాల అధ్యాయం, ఆ కుండ వల్ల నాకు తెరుచుకుంది. ఆ తర్వాత భూమి మీద ఏ రెండు ఊళ్లు చెప్పినా దూరం తీసేదాన్ని. కొంత గర్వంగానే తీసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక మంగళవారం రూతమ్మ వచ్చింది. మోస్రా ఆమెది. ఆమె భర్త మోజెస్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం ఉడికే పాన్ దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, అదే పని తెలిసినవాళ్లు కొందరు ఆఫ్రికా వెళ్లారు. మోజెస్ ఇథియోపియా దక్షిణాన, చెరకు తోటల మధ్య కట్టిన ఒక మిల్లుకు వెళ్లాడు. అక్కడికి దగ్గరి విమానాశ్రయం జింకా అనే చిన్న ఊళ్లో ఉంది. రూతమ్మ అంతకుముందు ఆపా దగ్గర జాకెట్లు కుట్టించుకునేది, అందుకే మా మెట్లు ఆమెకు తెలుసు. ఆ రోజు చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చింది. ఆమె అత్త ఆ తెల్లవారుజామున కన్నుమూసింది. తమ్ముడి బండి మీద పెట్టె చేయించడానికి టౌనుకు వచ్చి, తమ్ముణ్ని వడ్రంగి దగ్గర వదిలి, మా దగ్గరికి ఎక్కివచ్చింది.

"అక్క, జింకా కెల్లి నాందేడ్‌కు విమానం ఎంతసేపు పడ్తది? అయ్యగారు కనుక్కొని రమ్మన్నడు." అయ్యగారంటే వాళ్ల చర్చి పాస్టరు. మోజెస్ వచ్చేటట్టుంటే ఆపుతారు, లేకపోతే పొద్దుమూకక ముందే సమాధి చేస్తారు. ఒక్కడే కొడుకు.

నేను గ్లోబు తిప్పాను, దారం బిగించాను, కాగితం మీద వేశాను. నాలుగు వేల ఆరు వందల యాభై కిలోమీటర్లు, ఆరు గంటలకు కొంచెం తక్కువ అని చెప్పాను. రూతమ్మ ముఖం విచ్చుకుంది. "ఆరు గంటలేనా? అట్లయితే రేపు మాపటికి ఇంట్ల ఉంటడు గద! రేపటి ఫ్లైటంట అక్క."

కింద పెడల్ ఆగింది. "సుగుణా, గా విమానం ఎవరు నడుపుతున్నరు?" అని అడిగింది ఆపా. ఆ రెండు విమానాశ్రయాల మధ్య విమానమే లేదు. నాందేడ్‌కు అప్పట్లో విమానాలు కొన్నాళ్లు వచ్చేవి, కొన్నాళ్లు వచ్చేవి కావు. నేను లేని విమానానికి దూరం తీసి, ఆ దూరాన్ని ఒక ఇల్లాలి చేతిలో పెట్టాను. సిగ్గుపడుతూ మళ్లీ మొదలుపెట్టాను. జింకా నుంచి అద్దిస్ అబాబా, అక్కడి నుంచి ముంబయి, ముంబయి నుంచి రాత్రి రైలు. రేపు, అంటే బుధవారం బయలుదేరితే, ఎంత దగ్గరగా కుట్టినా శుక్రవారం పొద్దెక్కాక గానీ నిజామాబాద్‌లో దిగడు.

రూతమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "శుక్రవారం దాక ఎట్ల ఆపుతం అక్క. ఎండలు సూస్తిరి గద. పోనియ్యి, గియ్యాల్నే చేస్తం" అని లేచింది. అప్పటికే ఆమె గడప దగ్గరికి వెళ్లింది.

"ఆగు బిడ్డా," అంది ఆపా. "రేపటి ఫ్లైటని ఎవరు చెప్పిండ్రు?"

"మీ బోధన్ పిలగాడే, అన్వర్. ఆయనతోటే పనిచేస్తడు. పొద్దుగాల ఫోన్ జేసిండు. రేపటి విమానంకు వస్తున్నడని చెప్పంగనే కట్టయింది. మల్ల చేస్తె కలుస్తలేదు. ఈయన ఫోన్ మొన్నటి సంది బందే ఉన్నది. అవ్వకు బాగలేదని ఐతారం నాడు చెప్తె, సెలవడిగి ఎల్తనన్నడు, గంతే."

"అన్వర్ తెలుగుల చెప్పిండా?"

"ఏడ! వానికి తెలుగేడ వస్తది. ఉర్దూలనే చెప్పిండు."

"అట్లయితె నీ మాటల చెప్పకు. వాడు అన్న మాట అన్నట్టే చెప్పు."

రూతమ్మ గడప దగ్గరే నిలబడి, కళ్లు మూసుకుని, గుర్తు చేసుకుంది. "భాభీ, ఫికర్ నక్కో కరో, మోజెస్ భాయ్ కల్ కీ ఫ్లైట్ సే... గంతే. కట్టయింది."

దిగులు పడకు వదినా, మోజెస్ భాయ్ కల్ విమానానికి అని, అంతవరకే. మా ప్రాంతంలో ఉర్దూ వినని వాళ్లు ఉండరు. బజారులో, బస్సులో, ఆసుపత్రిలో సగం మాటలు అవే. ఆ సగం అలవాటే మమ్మల్ని మోసం చేసింది. కల్ అంటే రేపు. కల్ అంటే నిన్న కూడా. ఆ తర్వాత వచ్చే క్రియను బట్టి ఏదో తేలుతుంది. ఇక్కడ క్రియ రాకముందే ఫోను తెగింది. కొడుకు కోసం చూస్తున్న ఇంట్లో ఎవరికైనా రేపే వినిపిస్తుంది, రాబోయేవాడి గురించి గదా మాట. తెలుగులోకి వచ్చేసరికి నిన్న రాలిపోయి రేపు ఒక్కటే మిగిలింది.

నేను వెంటనే రెండో లెక్క వేశాను. నిన్న, సోమవారం బయలుదేరి ఉంటే, ఇప్పుడు అతను సముద్రం మీద ఉంటాడు. రేపు పొద్దెక్కేసరికి నిజామాబాద్ స్టేషన్‌లో దిగుతాడు. ఒక్క రాత్రి ఆపితే చాలు. కానీ రెండింటిలో ఏది నిజమో చెప్పే అంకె నా దగ్గర లేదు. "సగం సగం, ఆపా. తేల్చలేం" అన్నాను. ఆపా మిషన్ మీద గుడ్డ కప్పింది, బురఖా వేసుకుంది. "తేల్చుడు ఎందుకు? నడువు, ఆటో మాట్లాడు."

మోస్రా తొవ్వలో ఆటో శబ్దానికి మాటలు సరిగా వినపడేవి కావు. వరి నాట్లు అయిపోయిన మడులు రెండు పక్కలా పచ్చగా సాగుతున్నాయి. రూతమ్మ తమ్ముడి బండి మీద ముందు వెళ్లింది. చాలాసేపటికి ఆపా నా చెవి దగ్గరికి వంగి అడిగింది, "నాందేడ్ కెల్లి బోధన్ ఎంత దూరం, లెక్కల పిల్లా?" ఎనభై కిలోమీటర్లు ఉంటుందన్నాను. "మా అబ్బా పోయిన దినం నేను నాందేడ్‌ల ఉంటి. కబురు రాంగనే బయలెల్లిన. నేనొచ్చేసరికి మట్టి చేసి, మంచం కడిగి నిలవెట్టిండ్రు. వాకిలి ఇంక తడిగనే ఉండె." అంతే చెప్పి, మళ్లీ సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మోస్రాలో పందిరి కింద మోజెస్ చిన్నాయన పెద్దరికం చేస్తున్నాడు. సమాధి తవ్వడానికి మనుషులు అప్పటికే పోయారు. ఆపా కల్ సంగతి చెప్పగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. "టికెట్లమ్మేటోళ్లు గూడ మట్టికి టైం చెప్పవట్టిరి. మీ దుకాణంల తీసిన టికెట్టా ఇది?"

"నా దుకాణంల తీస్తె వాణ్ని ఈ పాటికి ఇంట్ల కూసోవెట్టేదాన్ని, భయ్యా," అంది ఆపా. పందిరి కింద ఇద్దరు ముగ్గురు, దుఃఖంలో కూడా, తల వంచుకుని నవ్వారు.

"అయితె వాడు నిన్ననే బయలెల్లిండని నీకెట్ల తెలుసు?"

"నాకు తెల్వదు. గీ పిల్ల పెద్ద పెద్ద లెక్కలు చేస్తది, దీనికి గూడ తెల్వదు. మీకు గూడ తెల్వదు. తెల్వనప్పుడు, ఏ తప్పు చేస్తె తెల్లారి దిద్దుకునే వీలుంటదో గా తప్పు చేద్దాం. గీ రాత్రి ఆపినంక వాడు రాకుంటె, ఇంత ఐసు కరుగుతది, నన్ను తిట్టుకుంటరు, రేపు పగటికి చేస్తరు. గియ్యాల చేసినంక రేపు పొద్దుగాల వాడొచ్చి గీ వాకిట్ల నిలవడితె, అప్పుడు ఏం దిద్దుతరు?"

చిన్నాయన పాస్టరు వైపు చూశాడు. పాస్టరు ఇంటి లోపలికి ఒకసారి చూసి, "రేపు పగటిదాక సూద్దాం" అన్నాడు. తవ్వుతున్న మనుషులకు ఎవరో కబురు తీసుకుపోయారు.

మేము వెంటనే తిరిగి రాలేదు. ఆపా ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చుంది. నేను గడపకు ఆనుకుని, మనసులో నా రెండు లెక్కలు మళ్లీ మళ్లీ వేసుకుంటూ ఉన్నాను. పొద్దు వాలే వేళకు, అంటే ముందు అనుకున్న ప్రకారం అయితే మట్టి వేసే వేళకు, రూతమ్మ ఫోను మోగింది. తెలియని నంబరు. ఎవరో మరాఠీలో "బోలా, బోలా" అంటున్నాడు, తర్వాత మోజెస్ గొంతు. ముంబయి స్టేషన్‌లో ఒక హమాలీ దగ్గర ఫోను అడుక్కుని చేస్తున్నాడు. రూతమ్మ స్పీకరు నొక్కింది. పందిరి అంతా విన్నది.

"రూతు, టేషన్ల ఉన్న. రాత్రి రైలు దొరికింది. అవ్వ ఎట్లున్నది?"

తల్లి పోయిందని అతనికి తెలియదు. ఆ సంగతి మా ఎవరికీ తట్టలేదు. బాగలేదని విని బయలుదేరాడు, ఆ తర్వాత కబురు అందలేదు. రూతమ్మ ఫోను చిన్నాయనకు ఇచ్చేసింది, ఆయన దాన్ని నిప్పులా పాస్టరు చేతిలో పెట్టాడు. పాస్టరు గొంతు సవరించుకుంటున్నాడు. అవతల మోజెస్ "హలో, హలో, అవ్వకు ఫోన్ ఇయ్యుండ్రి" అంటున్నాడు. ఆపా లేచి వచ్చి ఫోను అందుకుంది.

"నేను నిజామాబాద్ హలీమా ఆపాను బేటా. మీ అవ్వ ఆగింది. నీ కోసమే ఆగింది. నువ్వు రైలెక్కి సీదా రా."

"అచ్ఛా ఆపా," అన్నాడు మోజెస్. ఫోను పెట్టేశాడు.

ఆ మాటను నేను ఇప్పటికీ తిప్పి తిప్పి చూసుకుంటాను. అబద్ధం కాదు, నిజమే. ఆగింది అంటే ఎదురుచూసింది, ఆగింది అంటే నిలిచిపోయింది. పొద్దున రెండు ముఖాలున్న మాట ఒకటి ఒక కొడుకును తల్లికి దూరం చేయబోయింది. సాయంత్రం అలాంటి మాటే మరొకటి పట్టుకుని, ఆ కొడుకును పద్నాలుగు గంటల రైలు ప్రయాణం ఊపిరితో దాటించింది ఆమె. ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు, అలా చెప్పాలని ముందే అనుకున్నారా అని అడిగాను. "ఏం అనుకునుడు, నోట్లకెల్లి వచ్చింది. తెలుగుల గూడ మంచి మాటలున్నయ్ లే మీకు" అని, అంతటితో కళ్లు తుడుచుకుంది.

మరునాడు పొద్దెక్కాక మోజెస్ వచ్చాడు. మిల్లులో వేసుకునే బరువైన బూట్లతోనే వచ్చాడు. వాకిట్లో పందిరి చూసి అర్థం చేసుకున్నాడట. బూట్లు విప్పి, లోపలికి పోయి, తల్లి ముఖం మీది చేతి రుమాలు తనే తీశాడట. పెట్టె దింపేటప్పుడు తల వైపు తాడు అతనే పట్టుకున్నాడు. నెల తర్వాత రూతమ్మతో కలిసి మా మెట్లెక్కి, బల్ల ముందు కాసేపు కూర్చుని, చాయ్ తాగి వెళ్లాడు. అన్వర్‌ను నేను ఎప్పుడూ చూడలేదు.

ఆపా పోయి కొన్నేళ్లయింది. బోధన్‌లో ఆమె పుట్టింట్లోనే పోయింది. కబురు అందగానే బయలుదేరాను. ఆమె చెల్లెలు గడపలో నన్ను చూసి, "నువ్వు వస్తవని ఆపినం, పోయి చూసుకో" అంది. ఎవరు ఆపమన్నారో అడగలేదు. వాకిలి పొడిగానే ఉంది.

దుకాణం ఇప్పుడు నేను నడుపుతున్నాను. లెక్కలు మానలేదు, ఇంకా నిక్కచ్చిగానే వేస్తాను. దూరం దూరమే, దాన్ని ఎవరి కోసమూ పెంచను, తగ్గించను. కానీ ఆ అంకెను చివరికి చెబుతాను. తెలియనప్పుడు తెలియదని చెప్పి, రెండు తప్పులనూ పక్కపక్కన పెట్టి, ఏది దిద్దుకోగలమో చూడమంటాను. అది పుస్తకంలో నేను పెన్సిల్ గీత పెట్టుకోవలసిన అధ్యాయం, కానీ ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

ఇది రాస్తుండగానే ఫోను మోగింది. వర్ని ఆమె. కాగితం మీద మడగాస్కర్ అంకె సిద్ధంగా ఉంది, దారంతో, లెక్కతో, ఫోనుతో మూడుసార్లు సరిపోయిన అంకె. దాని మీద చేయి పెట్టి అడిగాను, "ఎవరమ్మా వచ్చేది?"

"మా ఆయనే, అక్కా. ఎల్లుండికి వస్తడంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఆయనతోని పనిచేసే భాయ్ ఫోన్ జేసి ఉర్దూల చెప్పిండు" అంది. వేళ్ల మధ్య దారం జారకుండా నిలబడి ఉంది.

"అన్న మాట అన్నట్టే చెప్పు బిడ్డా," అన్నాను.